డెల్టాయిడ్ దగ్గరే ఆగిపోయాను, చదువు మానేయమంటారా?

నల్లగొండ జిల్లా నుంచి వచ్చి, హైదరాబాద్ హాస్టల్లో ఉంటూ ఫిజియోథెరపీ డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, కాలేజీ వివరాలు వద్దంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, బైపీసీలో మంచి మార్కులు. నాన్న మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులో హమాలీ. ఆమధ్య ఆయన భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోతే, ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఓపిగ్గా వ్యాయామాలు చేయించి మళ్లీ పనిలోకి వెళ్లేలా చేశారట. ఈ చదువు చదవాలని ఆ రోజుల్లోనే అనుకుంది.

ఇప్పుడు అనాటమీ మొదటి ఇంటర్నల్ తప్పింది. ఆ తర్వాత వైవాలో (నోటితో జవాబు చెప్పే పరీక్ష) సార్ భుజం మీది కండరం గురించి "డెల్టాయిడ్ ఆకారం ఏమిటి?" అంటే "ట్రయాంగులర్" అంది. "ఫైబర్ల అమరిక?" అంటే మళ్లీ "ట్రయాంగులరే సార్" అంది. "మల్టీపెన్నేట్. ఎందుకలా ఉంటుందో చెప్పు" అన్నారట. నోరు పెగల్లేదు. "తెలుగు మీడియం వాళ్లకు ఇవన్నీ ఎందుకు" అని ఆయన అంటే క్లాసంతా నవ్వింది. అప్పటి నుంచి అనాటమీ క్లాసుకు వెళ్లడం తగ్గించేసింది. రూమ్మేట్ ఇచ్చిన కండరాల పట్టికను రాత్రి రెండింటి దాకా బట్టీ పడుతోంది. తెల్లారేసరికి యూనిపెన్నేట్ ఏదో బైపెన్నేట్ ఏదో కలిసిపోతున్నాయి. నిద్ర లేదు, తిండి సయించదు, వైవా మాట వింటేనే గుండె దడ. రెండో విడత ఫీజు వచ్చే నెల కట్టాలి, దానికోసం నాన్న మిల్లు యజమానిని అప్పు అడిగి ఉన్నారు. పరీక్ష తప్పిన సంగతి ఆయనకు తెలియదు. ఆ సంగతి తెలిసిన మేనమామ మాత్రం "మానేసి వచ్చెయ్, మెడికల్ షాపులో పెట్టిస్తా, కావాలంటే వచ్చే ఏడు నర్సింగ్ చూద్దాం" అంటున్నారు. "నా బుర్రకు ఇది ఎక్కదా? ఉండాలా, మానేయాలా? ఉంటే ఈ కండరాలన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలి?" అని అడుగుతోంది.

అమ్మా,

ముందు ఆ వైవా దగ్గరికే వెళ్దాం, నీ టెన్షన్ అంతా అక్కడి నుంచే మొదలైంది కాబట్టి. నీ మొదటి జవాబు సరైనదే. డెల్టాయిడ్‌ను బయటి నుంచి చూస్తే త్రిభుజమే. రెండో ప్రశ్నలో సార్ అడిగింది వేరే విషయం: ఆ త్రిభుజం లోపల ఫైబర్లు ఏ దిక్కుగా నడిచి టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే నారను, చేరుతున్నాయి అని. ఆకారం, అమరిక అనే ఈ రెండు ప్రశ్నలనూ చాలా పుస్తకాలు ఒకే శీర్షిక కింద పెడతాయి. పైగా ఛాతీ మీది పెక్టొరాలిస్ మేజర్ లాంటి కండరానికి అమరిక వరుసలో కూడా ట్రయాంగులర్ అనే రాస్తాయి. అక్కడ తడబడని విద్యార్థి అరుదు. దీనికీ తెలుగు మీడియానికీ ఏ సంబంధమూ లేదు. ఇంటర్‌లో నువ్వు చదివిన కండర తంతువే ఈ మజిల్ ఫైబర్. అది నీకు కొత్త వస్తువు కాదు.

నీకు ఎవరూ చెప్పనిది మూడో ప్రశ్న: ఎందుకలా? దానికి జవాబు తెలియకుండా పట్టిక బట్టీ పడితే పొద్దున్నకి చెదిరిపోవడం సహజం. నీ బుర్రను అనుమానించే ముందు ఆ జవాబు ఒకసారి విను.

ఒక ఫైబర్ తన పొడవులో దాదాపు సగం వరకే కుదించుకోగలదు. అంటే పొడవైన ఫైబర్ ఎముకను ఎక్కువ దూరం లాగగలదు, పొట్టిది కొద్ది దూరమే. బలం సంగతి వేరు. పక్కపక్కనే ఎన్ని ఫైబర్లు కలిసి లాగుతున్నాయన్నదాన్ని బట్టి బలం ఉంటుంది, పొడవును బట్టి కాదు. బురదలో దిగబడిన ట్రాక్టర్‌ను లాగడం ఊహించుకో. పదిమంది ఒకరి వెనుక ఒకరు చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడి, అందరూ ఒకేసారి మోచేతులు ముడిస్తే పది మోచేతుల దూరం కలుస్తుంది, కానీ ట్రాక్టర్‌కు అందే బలం ఒక మనిషిదే. అదే పదిమందీ తలో తాడు కట్టి పక్కపక్కన నిలబడి లాగితే పదిమంది బలం, ఒక మోచేతి దూరం. శరీరంలో ప్రతి కండరమూ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటుంది. నీ పట్టికలో ఉన్న పేర్లన్నీ ఆ చోట్ల పేర్లే.

ఇప్పుడు సార్టోరియస్ తీసుకో. శరీరంలోకెల్లా పొడవైన కండరం. తుంటి ఎముక ముందు మొన దగ్గర మొదలై, తొడ మీదుగా ఏటవాలుగా దిగి, మోకాలి కింద లోపలివైపు అతుక్కుంటుంది. మఠం వేసుకుని కూర్చున్నప్పుడు, మీ వైపు సక్లముక్లం అంటారు కదా, ఆ భంగిమలోకి కాలును తెచ్చే పనిలో దీనికి వాటా ఉంది. తుంటి వంగాలి, తొడ బయటికి తిరగాలి, మోకాలు ముడుచుకోవాలి. దూరం చాలా, బరువు తక్కువ. అందుకే దీని ఫైబర్లు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకదానికొకటి సమాంతరంగా, సుమారు 40 సెంటీమీటర్ల పొడవున సాగుతాయి. పట్టీలా ఉంటుంది కాబట్టి స్ట్రాప్ మజిల్.

దాని పక్కన పిక్కలోని సోలియస్‌ను పెట్టి చూడు. బయటికి అదీ పొడవాటి కండరమే. లోపల మాత్రం ఫైబర్లు సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లే, అవీ టెండన్ వైపు 25, 30 డిగ్రీల వాలుతో చేరతాయి. ఈకలో పోగుల్లా ఉండే ఈ వాలు అమరికనే పెన్నేట్ అంటారు. ఇలా వాలుగా, పొట్టిగా పేర్చడం వల్ల అంత చోటులోనే లెక్కలేనన్ని ఫైబర్లు పడతాయి. ఫైబర్లకు సరిగ్గా అడ్డంగా కోసినట్టు లెక్కించే వైశాల్యం, అంటే పీసీఎస్ఏ, సార్టోరియస్‌కు 2 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటే సోలియస్‌కు సుమారు 50. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది గానీ ఈ రెండు కండరాల మధ్య అంతరం మాత్రం అంత పెద్దదే. మీ నాన్నగారు బస్తా వీపున వేసుకుని నిలబడినప్పుడు ఒళ్లు ముందుకు తూలకుండా చీలమండ దగ్గర పట్టి ఉంచేది ముఖ్యంగా ఈ సోలియసే. మడమ కదిలే దూరం కొద్దిగానే, మోయాల్సింది మాత్రం మనిషి బరువు, దాని మీద బస్తా బరువు.

వాలు వల్ల నష్టం లేదా అని నీకు అనుమానం రావాలి. ఉంది. 30 డిగ్రీల వాలులో ఉన్న ఫైబర్ లాగిన బలంలో టెండన్ దిశలో అందేది 87 శాతం, ఎందుకంటే 30 డిగ్రీల కొసైన్ విలువ 0.87. ఒక్కో ఫైబర్ దగ్గర 13 శాతం పోయినా, ఫైబర్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది కాబట్టి మొత్తం మీద లాభమే. ఇంత వివరం వైవాలో ఎవరూ అడగకపోవచ్చు. కానీ ఇది తెలిస్తే పెన్నేట్ అనే మాటను నువ్వు మరచిపోలేవు. ఈ లెక్కల వెనుక చాలా కాలం ఉంది. డెన్మార్క్‌కు చెందిన నీల్స్ స్టెన్సెన్ 1667లోనే వాలు ఫైబర్ల కండరాన్ని జ్యామితితో గీసి, కండరం కుదించుకున్నప్పుడు దాని ఘనపరిమాణం పెరగనక్కర్లేదని చూపించాడు. తల, మెడ పాఠంలో పరోటిడ్ గ్రంథి నాళం వస్తుంది చూడు, దానికి పెట్టింది ఆయన పేరే.

ఇక డెల్టాయిడ్. మధ్య భాగం పని చేతిని పక్కకు ఎత్తడం. అది దండచేతి ఎముకకు (హ్యూమరస్) బయటివైపు, దాదాపు సగం దూరంలో అతుక్కుంటుంది. ఎత్తాల్సిన చెయ్యి, చేతిలోని బరువు కీలుకు ఎంతో దూరంలో ఉంటాయి, కండరం లాగే గీత మాత్రం కీలుకు చాలా దగ్గరగా పోతుంది. కాబట్టి ఎత్తే బరువుకు ఎన్నో రెట్ల బలం అది పుట్టించాలి, కుదించుకోవాల్సింది మాత్రం కొద్దిగానే. అందుకని భుజం పైకొన ఎముక అక్రోమియన్ నుంచి నాలుగు టెండన్ పొరలు కిందికి దిగుతాయి, కింద ఎముక నుంచి మూడు పొరలు పైకి లేచి వాటి మధ్యకు వస్తాయి. ఈ పొరల మధ్య పొట్టి ఫైబర్లు వాలుగా నిండి ఉంటాయి. అదే మల్టీపెన్నేట్. చేతిని ముందుకూ వెనక్కూ ఊపే ముందు, వెనుక భాగాల్లో ఫైబర్లు దాదాపు సమాంతరంగానే ఉంటాయి. ఒకే కండరంలో రెండు రకాలు! వైవాలో నిన్ను అడిగింది ఇదే. "ఆకారం త్రిభుజం, మధ్య భాగం మల్టీపెన్నేట్, తక్కువ దూరంలో ఎక్కువ బలం కావాలి కాబట్టి" అని మూడు ముక్కల్లో చెప్పగలిగితే చాలు.

యూనిపెన్నేట్, బైపెన్నేట్ కలిసిపోతున్నాయన్నావు. పట్టిక పక్కన పెట్టి నీ చెయ్యి చూసుకో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతి వెనుకవైపు వేలు పెట్టి, చూపుడువేలిని మధ్యవేలికి దూరంగా జరుపు. ఉబ్బేది మొదటి డోర్సల్ ఇంటరాసియస్. డోర్సల్ ఇంటరాసియస్ కండరాలు ఒక్కొక్కటి పక్కపక్కనున్న రెండు మెటాకార్పల్ (అరచేతి) ఎముకల నుంచి పుడతాయి కాబట్టి ఫైబర్లు రెండువైపుల నుంచీ టెండన్‌ను చేరతాయి, బైపెన్నేట్. అరచేతివైపు పామర్ ఇంటరాసియస్ కండరాలు ఒక్కొక్కటి ఒక్క ఎముక నుంచే పుడతాయి, ఒక్క వైపు నుంచే చేరతాయి, యూనిపెన్నేట్. తేడా మొత్తం ఆ చేతిలోనే ఉంది. తొడ ముందున్న రెక్టస్ ఫెమోరిస్ కూడా బైపెన్నేటే. కుర్చీలో కూర్చుని మోకాలు చాపుతూ దాని మీద చెయ్యి పెట్టి చూడు.

మిగతావి ఇంత కష్టం కావు. బైసెప్స్ బ్రాకై సమాంతర కుటుంబానిదే, నడుమ లావుగా, చివరలు సన్నగా ఉంటుంది కాబట్టి ఫ్యూసిఫార్మ్. ముంజేతిలో మణికట్టు దగ్గరి ప్రొనేటర్ క్వాడ్రేటస్ నలుచదరం. రెక్టస్ అబ్డామినిస్ పొడవాటి స్ట్రాపే గానీ మధ్యలో అడ్డంగా, సాధారణంగా మూడుచోట్ల, టెండన్ గీతలు ఉంటాయి. పెక్టొరాలిస్ మేజర్ వెడల్పుగా మొదలై ఒకచోటికి చేరే కన్వర్జెంట్. కాలర్ ఎముక వైపు ఫైబర్లు ఒక పని, కింది ఫైబర్లు ఇంకో పని విడివిడిగా చేయగలగడం దాని లాభం. కంటి చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ ఆక్యులై వలయం. ముఖ పక్షవాతం వచ్చినవాళ్లకు కన్ను మూతపడకపోవడం నువ్వు ముందు ముందు క్లినిక్‌లో చూస్తావు, ఆ రోజు ఈ పేరు గుర్తు చేయాల్సిన అవసరమే ఉండదు.

ఒక్క జాగ్రత్త. కొన్ని కండరాలను పుస్తకాలు వేర్వేరు గదుల్లో పెడతాయి. కణత మీది టెంపొరాలిస్ బయటి నుంచి చూస్తే విసనకర్రలా కన్వర్జెంట్, లోపల మధ్యలో టెండన్ ఉండటం వల్ల బైపెన్నేట్ అని కూడా రాస్తారు. పెక్టొరాలిస్ మేజర్ ఫైబర్లు అతుక్కునే చోట మెలితిరుగుతాయి కాబట్టి దాన్ని స్పైరల్ వరుసలో చేర్చేవాళ్లూ ఉన్నారు. ఇవి చూసి కంగారుపడకు. గదులు మనుషులు గీసుకున్నవి. పరీక్ష దాకా మీ కాలేజీ సూచించిన ఒక్క పుస్తకాన్నే పట్టుకో, తేడా కనిపిస్తే మార్జిన్‌లో రాసుకో.

ఇదంతా మార్కుల కోసమే అనుకోకు. పాదం కిందికి వంగిన స్థితిలో చీలమండకు చాలా రోజులు కట్టు ఉంటే, సోలియస్ ఫైబర్ల పొడవునా వరుసగా ఉండే సార్కోమియర్ల, అంటే కుదించుకునే చిన్న చిన్న భాగాల, సంఖ్య తగ్గుతుంది. అసలే పొట్టి ఫైబర్లు, ఇంకా పొట్టివవుతాయి. కట్టు విప్పాక ఆ మనిషి గొంతుక్కూర్చోలేకపోతే ఎంత ఓపిగ్గా సాగదీయాలో, ఎందుకు తొందరపడకూడదో ఈ పాఠం తెలిసిన ఫిజియోథెరపిస్టుకే అర్థమవుతుంది. నరం దెబ్బతిన్న చేతికి ఒక కండరపు టెండన్‌ను ఇంకోచోటికి మార్చే సర్జన్లు కూడా, ఫైబర్ పొడవు, బలం రెండూ కొత్త పనికి సరిపోతాయా అని చూసే ఎంచుకుంటారు.

ఇప్పుడు ఉండాలా మానాలా అన్నది. ఈ ఒక్క పాఠం కోసం మానేయాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. అయినా నిర్ణయం నీది, డబ్బు మీ నాన్నది, కాబట్టి దారులన్నీ చూడు.

మెడికల్ షాపులో పని చిన్నది కాదు. కానీ డీఫార్మసీ అయినా చదవకుండా అక్కడ ఫార్మసిస్టు కాలేవు, కౌంటర్ దగ్గర సహాయకురాలిగానే ఉండాల్సి వస్తుంది. వెంటనే జీతం వస్తుంది, పైకి వెళ్లే మెట్టు రాదు. నర్సింగ్ మంచి చదువు, ఉద్యోగాలూ ఎక్కువ. అయితే అనాటమీ నుంచి తప్పించుకోవడానికి అక్కడికి వెళ్తే మొదటి ఏడాదే మళ్లీ అనాటమీ ఎదురవుతుంది. రోగుల దగ్గర ఉండి చూసుకోవడం నీకు నిజంగా ఇష్టమైతే వెళ్లు, డెల్టాయిడ్ భయంతో వద్దు. ఏ దారైనా, మానేసే ముందు కాలేజీ ఆఫీసులో మూడు సంగతులు కనుక్కో: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు ఇస్తారు, మిగతా ఏళ్ల ఫీజు అడుగుతారా, స్కాలర్‌షిప్ ఉంటే అది ఏమవుతుంది. నోటిమాట నమ్మకు, రాసి ఇవ్వమను.

ఈ ఏడాది చివరి పరీక్ష రాసి అప్పుడు తేల్చుకోవడం ఇంకో దారి. దీనికి రెండో విడత ఫీజు కట్టాలి, పరీక్ష పోతే ఆ డబ్బు తిరిగి రాదు, ఆ నష్టాన్ని తక్కువ చేసి చెప్పను. నీకు దక్కేది, ఈ చదువు నీకు అందుతుందో లేదో ఒక అవమానం తర్వాత కాకుండా సరిగ్గా చదివిన తర్వాత తెలియడం. ఒక సబ్జెక్టు ఆగినా సప్లిమెంటరీ రాసే వీలు ఉంటుంది, నియమాలు ఆఫీసులో అడుగు. కానీ క్లాసు ఎగ్గొట్టడం మాత్రం ఏ దారికీ పనికిరాదు. హాజరు తగ్గితే అసలు పరీక్షకే కూర్చోనివ్వరు. మీ కాలేజీలో ఎంత శాతం ఉండాలో, నీకెంత ఉందో ఈ వారమే చూసుకో.

నాన్నకు చెప్పడం గురించి నా మాట గట్టిదే. ఆయన అప్పు తేకముందే చెప్పు. చెబితే కోప్పడవచ్చు, బాధపడవచ్చు, మానేయమనీ అనవచ్చు. చెప్పకపోతే, అప్పు తెచ్చి ఫీజు కట్టాక మేనమామ నోటి నుంచి వింటారు. అప్పుడు ఆయనకు పరీక్ష తప్పడం కంటే దాచడమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. "తప్పాను, ఎందుకు తప్పానో తెలిసింది, ఇలా చదువుతున్నాను, చివరి పరీక్ష దాకా అవకాశం ఇవ్వు నాన్నా" అని చెప్పడానికి ఇప్పుడు నీ దగ్గర మాటలున్నాయి. ఇంటికి వెళ్లినప్పుడు ఆయన భుజం మీద చెయ్యి పెట్టి, చెయ్యి పక్కకు ఎత్తమని అడుగు. మధ్య డెల్టాయిడ్ నీ చేతి కింద గట్టిపడటం తెలుస్తుంది. ఆయనకు నొప్పి ఉంటే మాత్రం ఎత్తించకు.

ఉంటే ఎలా చదవాలో కూడా అడిగావు. అర్థం చేసుకోవడం తెలుగులో చేసుకో, సిగ్గుపడాల్సిన పని కాదు. ఆ తర్వాత అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలుగా పైకి చెప్పు, రూమ్మేట్ ముందు, అద్దం ముందు, ఎక్కడైనా. వైవాలో చాలామంది పడిపోయేది తెలియక కాదు, ఆ పేర్లు ఎప్పుడూ నోటితో పలకక. రోజుకు మూడు నాలుగు కండరాలు చాలు. ఒక్కోదాన్ని నీ ఒంటి మీద తాకు, బొమ్మలో ఫైబర్ల దిక్కు పెన్సిల్‌తో గియ్యి, "దూరమా, బలమా" అని నిన్ను నువ్వే అడుగు. రాత్రి రెండింటి దాకా కూర్చోకు. నిద్ర లేకుండా బట్టీ పట్టింది పొద్దున్నకి నిలవదు. గుండె దడ, నిద్రలేమి ఇలాగే సాగితే, లేదా బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చెయ్యి. టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ అది, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

చివరిగా ఆ సార్ సంగతి. ఆయన అన్న మాట తప్పు, అందులో సందేహం లేదు. ఆ మాటను విడిగా ఆయన ముందు పెట్టాలా, క్లాస్ ఇన్‌ఛార్జికి చెప్పాలా, వదిలేయాలా అన్నది నీ ధైర్యాన్ని బట్టి, ఆయన తీరును బట్టి ఉంటుంది. ఫిర్యాదు చేస్తే ఆయన మారవచ్చు, మనసులో పెట్టుకోనూవచ్చు. ఊరుకుంటే గొడవ ఉండదు, కానీ రేపు ఇంకో పిల్లను అదే మాట అంటారు. ముందు చేయగలిగింది ఒకటుంది: క్లాసు అయ్యాక వెళ్లి "సార్, ఆ రోజు డెల్టాయిడ్ చెప్పలేకపోయాను, ఇప్పుడు వింటారా" అని అడుగు. వింటే చెప్పు. ఒప్పుకోకపోతే ట్యూటర్ దగ్గరికో, రెండో ఏడాది సీనియర్ దగ్గరికో వెళ్లి వైవా పెట్టించుకో. ఇంటర్నల్ మార్కులు మెరుగుపరచుకునే అవకాశం ఉందేమో కూడా ఆ ట్యూటర్‌నే అడుగు. ఇవన్నీ ఫీజు గడువుకు కనీసం వారం ముందు తేల్చుకుంటే, ఇంట్లో కూర్చుని మాట్లాడేటప్పుడు నీ చేతిలో సరైన వివరాలు ఉంటాయి.